పంతొమ్మిది ఊళ్ల లెక్క

కొత్త ఢిల్లీ
12 ఆగస్టు 1961

రోషన్ బీ అక్కకు గౌస్ పీర్ సలాములు.

నీ ఉత్తరం అందింది. నాయనకు దగ్గు తగ్గిందనీ, దూది ఏకే పని ఇక మానేశాడనీ చదివి మనసు నెమ్మదించింది. ఆ దుమ్ము పీల్చీ పీల్చీ ఆయన ఛాతీ ఎప్పుడో పాడైంది. బావ బళ్లారి లైనులోనే లారీ తోలుతున్నాడా?

ఆఫీసులో నన్ను వేరే విభాగానికి మార్చారు. దేశం మొత్తం మీద ఏడాదికి ఎంతమంది రోడ్ల మీద మోటారు బండ్ల వల్ల చనిపోతున్నారో తేల్చడం ఇప్పుడు మా పని. ఊరికే ఇంతమంది అంటే సరిపోదు. పెద్ద రాష్ట్రంలో ఎక్కువమంది చస్తారు, చిన్న రాష్ట్రంలో తక్కువమంది చస్తారు. అందుకని లక్ష జనంలో ఎందరు అని లెక్కగట్టాలి. కొత్త జనాభా లెక్కలు ఈ ఏడే వచ్చాయి కాబట్టి లెక్కలు కట్టే చేతి యంత్రం తిప్పీ తిప్పీ భుజం లాగుతోంది. ఈ అంకెలు రేపు ఇతర దేశాల అంకెల పక్కన అచ్చవుతాయట. మన ఊరి దూదేకుల పిల్లవాడి చేతి మీదుగా పోతున్నాయి చూడు.

సరిచూడడానికి కొన్ని ఠాణాల అసలు కాగితాలు తెప్పించారు. అందులో మీ ఠాణాది కంటపడింది. దాని కిందికి వచ్చే పంతొమ్మిది ఊళ్లూ నువ్వు నర్సుగా తిరిగే ఊళ్లే. ఏడాదికి రోడ్డు చావులు రెండు. మా పై అధికారి సూద్ గారు, కరువు సీమలో బండ్లు తక్కువ, చావులూ తక్కువే అన్నారు. మనకు వాన లేకపోయినా ఈ ఒక్క అదృష్టమైనా ఉందని సంతోషించాను.

నీ తమ్ముడు
గౌస్ పీర్


పాతకొట్టాల, గుత్తి తాలూకా
30 ఆగస్టు 1961

గౌసూ, అక్క దువాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. నాయన పని మానేశాడు కానీ దూది ఏకే వింటిని రోజూ తుడిచి గోడకు తగిలిస్తాడు. మీ బావ లారీ మీదే ఉన్నాడు.

నీ ఉత్తరంలో రెండు అన్న మాట చదివి కాగితం మడిచి పక్కన పెట్టాను. మళ్లీ తీసి చదివాను. రెండేనా?

మా తూర్పు వీధి కొండప్ప నీకు గుర్తుండాలి, బండి చక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడు. పోయిన ఎండాకాలం గుత్తి సంత నుంచి ఎద్దులబండి మీద వస్తుంటే వెనక నుంచి లారీ రాసుకుపోయింది. బండి బోల్తా పడింది. పక్కటెముకలు విరిగినా లేచి, ఎద్దులను విప్పుకొని, రెండు మైళ్లు నడిచి ఇంటికి వచ్చాడు. పదకొండో రోజున చనిపోయాడు. ఆఖరి నాలుగు రోజులు కట్లు మార్చింది నేనే. ఒళ్లు కాలిపోయేది. అందుకే వాళ్ల అన్న ఊరి మునసబు దగ్గర జ్వరం అని చెప్పాడు, మునసబు జ్వరం అని రాశాడు. ఇద్దరూ అబద్ధమాడలేదు. ఠాణా వాళ్లు రోడ్డు మీద శవం ఉంటే వస్తారు. కొండప్ప నడిచి వెళ్లిపోయాడు కదా. ఇక ఎవరు వస్తారు?

ఇట్లాంటివాళ్లు ఇంకా ఉన్నారు. కానీ నాకు గుర్తున్నవాళ్లను మాత్రమే చెబితే అది లెక్క కాదని నాకూ తెలుసు. ఎవరో ఒకరిని మరిచిపోతాను, ఎవరినో రెండుసార్లు చెబుతాను. అందుకని ఇకనుంచి రాసిపెడతాను. ఎట్లాగూ ఆ ఊళ్లన్నీ కాళ్లతో కొలిచేదాన్నే. ఎట్లా రాయాలో నువ్వు చెప్పు.

రోషన్ బీ


కొత్త ఢిల్లీ
18 సెప్టెంబరు 1961

అక్కకు సలాములు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని నాలుగు రోజులు తిరిగాను. కొండప్ప మామ మా స్కూలు గేటుకు ఊచలు వంచడం చూస్తూ నిలబడేవాళ్లం. ఆయన చావు నా యంత్రంలోకి రాలేదు. రాకపోయినా నేను అదృష్టం అని రాశాను. సిగ్గేసింది.

నువ్వు అడిగినది చెబుతాను. చనిపోయిన వాళ్లను వెతకవద్దు. దెబ్బ తగిలిన ప్రతి మనిషినీ రాయి. పేరు, ఊరు, వయసు, దెబ్బ తగిలిన రోజు, ఏ బండి. తర్వాత ముప్పై రోజులు ఆ మనిషి మీద కన్నువేసి ఉంచు. ముప్పయ్యో రోజున బతికి ఉన్నాడా లేదా, అది ఆఖరి గడిలో రాయి. ముప్పై ఎందుకంటే, ఒక్కో దేశం ఒక్కో గడువు పెట్టుకుంది. ఒక చోట అక్కడికక్కడే పోయినవాళ్లనే లెక్కిస్తారు, ఒక చోట మూడు రోజులు, ఇంకో చోట ఏడాది. గడువు తక్కువ పెట్టుకున్న దేశం తన రోడ్లు భద్రమని చెప్పుకుంటుంది. ముప్పై రోజులైతే న్యాయంగా ఉంటుందని ఇప్పుడు చాలామంది అంటున్నారు.

ఒక్క కష్టమైన మాట. ముప్పై ఒకటో రోజున పోయినవాడిని చావుల్లో రాయకూడదు. నీకు ఎంత దగ్గరివాడైనా సరే.

అక్టోబరు ఒకటి నుంచి ఏడాది పాటు రాయి. పంతొమ్మిది ఊళ్లను చూసి దేశమంతా ఇట్లాగే ఉందని నేను చెప్పలేను, అది ముందే చెబుతున్నాను. మనకు తెలిసేది ఒక్కటే, ఈ కాగితంలో ఎవరు జారిపోతున్నారో. పని ఎక్కువైతే మానెయ్యి. నీ ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు.

గౌస్ పీర్


పాతకొట్టాల
9 జనవరి 1962

గౌసూకు దువాలు.

మూడు నెలలైంది. దెబ్బలు తగిలినవాళ్లు పదమూడు మంది, పోయినవాళ్లు ఇద్దరు. ఈ ఇద్దరిలో ఒక్కడే ఠాణా పుస్తకంలో ఉన్నాడు.

ఈ ఏడు శెనగ కూడా సరిగా పండలేదు. యాడికి ఊరి వైపు రాళ్ల పనికి పోయేవాళ్లంతా దొరికిన లారీ ఎక్కి మూటల మీద కూర్చుంటున్నారు. లక్ష్మీదేవమ్మ అనే ఆమె అట్లా మలుపులో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ముప్పై రోజులు దాటింది, బతికే ఉంది కానీ నడవలేదు. నీ గడిలో బతికినట్టే రాశాను. నడవలేని దానికి గడి లేదు కదా.

మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. కేసవుతుందని భయం. నేను ఠాణాకు ఇవ్వను, ఆరోగ్యం కోసం రాసుకుంటున్నానని ప్రతి ఇంట్లో చెప్పాల్సి వచ్చింది. మారెప్ప అని ఒక ముసలాయన. కొడుకు సైకిల్ మీద పోతుంటే బస్సు తగిలి, ఆరో రోజున ఇంట్లోనే పోయాడు. నేను పుస్తకం తీసేసరికి ఆయన మొహం తిప్పుకున్నాడు.

"లెక్క రాస్తే నా కొడుకు లేసొస్తాడా నర్సమ్మా?" అన్నాడు.

రాడని చెప్పాను. రాయకపోతే ఆ మలుపులో ఏమీ జరగలేదని అంటారని కూడా చెప్పాను. ఆయన అరుగు మీద వేలితో గీతలు గీశాడు.

"రాయి. పేరు మాత్రం సరింగ రాయి. శివప్ప," అన్నాడు.

నాయన నా పుస్తకానికి గుడ్డతో అట్ట కుట్టి ఇచ్చాడు. మీ బావకు ఈ పని నచ్చిందో లేదో తెలియదు. 

రోషన్ బీ


కొత్త ఢిల్లీ
3 ఏప్రిల్ 1962

అక్కా, సలాములు.

మార్చి వరకు నువ్వు పంపిన కాగితాలు సూద్ గారి ముందు పెట్టాను. ఒక పల్లెటూరి నర్సమ్మ నోటుపుస్తకం పట్టుకొచ్చి ప్రభుత్వ అంకెలను కాదంటావా అని మొదట కసిరాడు. అయినా కాగితాలు తిరిగి ఇవ్వలేదు. సాయంకాలం పిలిచి, ఈమె ఎంత చదివింది అని అడిగాడు. ఎనిమిదో తరగతి, ఆపైన నర్సు ట్రైనింగు అన్నాను. మన ఇన్‌స్పెక్టర్లకు ఈమె చేత పాఠం చెప్పించాలి, ఒక్క తేదీ కూడా కొట్టివేత లేదు అన్నాడు. ఆయన నోటి నుంచి మెచ్చుకోలు వినడం ఈ ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారి.

అయితే నాలుగో చావు, చింతలమిట్ట పుల్లన్న, వయసు నలభై, పదిహేడో రోజు. ఆ వరసలో ఏ బండి అన్న గడి ఖాళీగా ఉంది. సూద్ గారి కన్ను దాని మీదే పడింది. తెలియకపోతే తెలియదు అని రాయి, ఖాళీ వదలకు.

గౌస్ పీర్


పాతకొట్టాల
21 ఏప్రిల్ 1962

గౌసూ,

తెలియక వదల్లేదు. తెలిసే వదిలాను. నిన్ను మోసం చేద్దామనే అనుకున్నాను, అందుకు మన్నించు.

ఫిబ్రవరి మొదటి వారంలో చింతలమిట్టకు పోయాను. గొర్లు కాసుకునే పుల్లన్న కాలికి దెబ్బ తగిలిందని విన్నాను. పిక్క చీలి ఉంది. బూడిదా పేడా కలిపి పట్టు వేశారు. అప్పటికి ఏడో రోజు. పలకరిస్తే నవ్వాడు, కానీ నోరు పూర్తిగా తెరుచుకోలేదు. దవడ బిగుస్తోంది. ధనుర్వాతమని అర్థమైంది.  ఏ బండి తగిలిందని అడిగాను. వాళ్లావిడ రామలక్ష్మమ్మ తల వంచుకుంది. రెండోసారి అడిగాను.

"మీ ఆయప్ప బండేనమ్మా," అంది. "నీకు చెప్పగూడదనుకుంటిమి. గుద్దినాక పారిపోలేదు. సంకలేసుకొని ఇంటికి మోసుకొచ్చినాడు. దినం మార్చి దినం వచ్చి చూసిపోతాండాడు. అట్లాటోడ్ని యాడ పట్టిస్తాం?"

మీ బావే గౌసూ. వారం రోజులుగా నా ఇంట్లో కూర్చొని, నేను వడ్డించింది తిని, నా పుస్తకం పక్కనే పడుకున్న మనిషి ఈ మాట నాతో అనలేదు. ఇంటికి పోయి ఎందుకు దాచావని అడిగాను.

"నీకు చెప్తే రాస్తావని తెలుసు. అందుకే చెప్పలే," అన్నాడు.

ఆ పూటే అదే లారీలో పుల్లన్నను పెద్దాసుపత్రికి తీసుకుపోయాం. మీ బావ తోలాడు. నేను వెనక అతని తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా అతని ఒళ్లు విల్లులాగా వంగేది. పది రోజులు పోరాడి చనిపోయాడు. మొదటి రోజే పుండు కడిగి సూది వేసి ఉంటే బతికేవాడేమో. నేను అదే రోడ్డు మీద నాలుగు మైళ్ల దూరంలో ఉన్నాను గౌసూ. నాకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఊరి పుస్తకంలో వాతం అని ఉంది.

రోషన్ బీ


కొత్త ఢిల్లీ
6 మే 1962

అక్కా,

ఈ ఉత్తరం చదివి చించెయ్యి. నీ పుస్తకాన్ని సరిచూడడానికి అనంతపురం నుంచి వెంకటరాముడు అనే పరిశీలకుడిని సూద్ గారు జూన్‌లో పంపిస్తున్నారు. ప్రతి చావు ఇంటికీ పోయి అడుగుతాడు. పుల్లన్న ఇంటికి పోతే బండి ఎవరిదో బయటపడుతుంది. కాగితాలు ఇప్పుడు మళ్లీ నా బల్ల మీదికే వచ్చాయి. ఆ ఒక్క వరస తీసి తిరగరాయగలను. ఒక్కటి తగ్గితే దేశం లెక్క మారదు. బావ జైలుకు పోతే, లైసెన్సు పోతే, మీ ఇద్దరి గతి ఏమిటి? నాయన సంగతి ఏమిటి?

సరే అని ఒక్క ముక్క రాయి చాలు.

గౌస్ పీర్


పాతకొట్టాల
29 జూన్ 1962

గౌసూ,

ఉత్తరం చించలేదు. మీ బావకు చదివి వినిపించాను. విని, దుప్పటి కొసను వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"గౌసు మంచోడు. మనకోసరం తీసేస్తానంటాండాడు," అన్నాడు. తర్వాత నన్ను చూసి, "తీసేస్తే పుల్లన్నను ఎవురు సంపినట్లు? వాతమా?" అన్నాడు.

 నేను జవాబు చెప్పి ఉంటే, ఉండిపొమ్మని బతిమాలేదాన్నేమో. నేను నువ్వు అనుకునేంత గట్టిదాన్ని కాదు. ఆయన లేచి చొక్కా తొడుక్కొని పుస్తకం తెమ్మన్నాడు. ఆ గడిలో లారీ అని, దాని నంబరుతో సహా, నా చేత రాయించాడు. తరవాత ఒంటరిగా ఠాణాకు నడిచిపోయాడు.

వెంకటరాముడు వచ్చినప్పుడు ఆయన జామీను మీద బయట ఉన్నాడు. తానే ఆ చోటికి తీసుకుపోయి చూపించాడు. ఆ రోజు లారీకి అడ్డంగా కట్టిన వాసాలు పక్కకు మూరెడు పొడుచుకొని ఉన్నాయట. బండి తప్పించాడు, వాసం తప్పలేదు. ఎక్కువ సరుకు కట్టింది తానేనని చెప్పాడు. వెంకటరాముడు రాసుకోవడం ఆపి ఆయన్ను చూశాడు. మిగతా ఇళ్లన్నీ తిరిగి, నా పుస్తకంలో ఒక్క తేదీ మాత్రం తప్పని తేల్చాడు. అది నిజమే. శివప్ప ఆరో రోజు కాదు, ఏడో రోజు పోయాడు.

కోర్టులో రామలక్ష్మమ్మను అడిగారు. కొట్టింది ఇతని బండే, మోసుకొచ్చింది ఇతనే, రెండూ రాసుకోండి అంది. మూడు నెలల శిక్ష పడింది. నిన్ననే తీసుకుపోయారు. పోతూ పోతూ, చింతలమిట్టకు పోయినప్పుడు ఆ గొర్లను ఎవరు కాస్తున్నారో కనుక్కోమన్నాడు.

నాయనకు చెప్పాను. అల్లుడు బుడేన్ సాబ్‌కు బిడ్డనిచ్చి తప్పు చేయలేదు అన్నాడు.

నువ్వు భయపడి రాసిందానికి నాకు కోపం లేదు. నీ చోట నేనుంటే నేనూ అట్లాగే రాసేదాన్ని.

రోషన్ బీ


కొత్త ఢిల్లీ
14 జనవరి 1963

పూజ్యురాలైన అక్కకు, గౌరవనీయులైన బావకు గౌస్ పీర్ సలాములు.

బావ ఇంటికి వచ్చి మూడు నెలలైనా ఉత్తరం రాయలేకపోయాను. చేత అచ్చు కాగితం పట్టుకొని రాయాలనుకున్నాను. ఈ వేళ వచ్చింది, దీనితోపాటు పంపుతున్నాను.

దేశం పట్టిక మొత్తం ఒకే పుట. లక్షకు ఇంత అని రాష్ట్రాల వరసలు. నువ్వు చూడాల్సింది అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న నాలుగు వరసలు. పై అంకెల్లో ఎక్కువగా ఘటనాస్థలంలో చనిపోయినవారే ఉన్నారనీ, ఒక ఠాణా పరిధిలోని పంతొమ్మిది గ్రామాల్లో గాయపడిన ప్రతివారినీ ముప్పై రోజులు గమనించగా రెండింటికి బదులు ఏడు మరణాలు తేలాయనీ, కాబట్టి ఈ అంకెలను మరో దేశపు అంకెలతో పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరమనీ ఉంది. ఇది పెట్టడానికి సూద్ గారు పైవాళ్లతో రెండు నెలలు కొట్లాడాడు. మన పట్టిక మనమే తప్పంటే పరువు ఏమవుతుందని వాళ్లు, తప్పని తెలిసీ పంపితే ఏమవుతుందని ఈయన. వచ్చే ఏడు నుంచి కొన్ని జిల్లాల్లో ముప్పై రోజుల గడితో కొత్త ఫారాలు పంపుతారు. ఫారం నమూనా నేనే గీశాను. నీ గడులే.

అక్కా, నేను ఈ విభాగంలో చేరినప్పుడు అంకెలంటే గదిలో కూర్చొని చేసేవని అనుకున్నాను. ఒక్క అంకె సరిగా రావడానికి ఒక మనిషి పంతొమ్మిది ఊళ్లు నడవాలనీ, ఇంకో మనిషి తన కాళ్లతో తానే ఠాణాకు నడవాలనీ నాకు ఎవరూ నేర్పలేదు. ఆ వరస తీసేస్తానని రాసిన ఉత్తరం తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. మీ పేర్లు ఆ పుటలో లేవు. నేను అడిగాను, ఒప్పుకోలేదు.

గౌస్ పీర్


పాతకొట్టాల
26 మార్చి 1963

గౌసూకు అక్క దువాలు.

అచ్చు కాగితం అందింది. పేర్లు లేకపోవడమే మంచిది, మీ బావ సిగ్గుపడేవాడు. ఆయనకు లారీ మళ్లీ ఇవ్వలేదు. గుత్తిలో పత్తి మిల్లులో పనికి కుదిరాడు. చిక్కినాడు కానీ నిద్ర పడుతోంది అంటున్నాడు.

ఏడాది అయిపోయింది కదా, ఇంకా ఎందుకు రాస్తున్నావని మొన్నటి ఉత్తరంలో అడిగావు. అలవాటైంది. దానికంటే పెద్ద కారణం ఒకటి చెబుతాను.

ఫిబ్రవరి ఇరవై నాలుగున పొద్దున్నే నేను పిల్లలకు టీకాలు వేస్తుంటే రామలక్ష్మమ్మ వచ్చింది. చింతలమిట్ట నుంచి నాలుగు మైళ్లు గబగబా నడిచి వచ్చింది. చెమట తుడుచుకోకుండానే చెప్పింది.

"నర్సమ్మా, మా ఊరి ఆదెన్న లారీ తగిలి పడినాడు. తొడ చీలిపోయిండాది. వాళ్లు బూడిద దెచ్చినారు. పెట్టనీలేదు నేను. గిన్నె దన్నేసి వచ్చినా."

పెట్టె తీసుకొని పరుగెత్తాం. మేము పోయేసరికి ఆదెన్న తల్లి రామలక్ష్మమ్మను తిట్టిపోస్తోంది. రామలక్ష్మమ్మ నీళ్లు కాచింది. పుండు కడిగాను. ఆ పూటే బస్సులో ఆసుపత్రికి తీసుకుపోయి సూది వేయించాం. మొదటి రోజే. పొద్దు కూడా వాలలేదు.

తర్వాత రోజూ నేను పోలేకపోయాను. రామలక్ష్మమ్మ పోయేది. పోయి ముందు అతని నోరు తెరిపించి చూసేదట, దవడ వదులుగా ఉందా లేదా అని. ఆమె చదువుకోలేదు. వాళ్ల ఇంటి గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీసింది. ఆదెన్న తల్లి మొదటి వారం తిట్టింది, రెండో వారం నుంచి ఆమెకు మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

నేటికి ముప్పై రోజులు నిండాయి. ఇద్దరం కలిసి పోయాం. ఆదెన్న ఇంట్లో లేడు. ఎద్దులకు నీళ్లు పెట్టడానికి కుంటుకుంటూ బావికి పోయాడట. రామలక్ష్మమ్మ గోడ దగ్గర నిలబడి గీతలన్నీ వేలితో ఒక్కొక్కటిగా తడిమి చూసుకుంది. తర్వాత చెంగుతో ఆ గోడ తుడిచేసింది. 

ఈ నెల చావుల్లో రాసి నీకు పంపడానికి పేరు ఏదీ లేదు.

రోషన్ బీ